అంబాసిడర్‌కి ఏ ఇగ్నిషన్ కాయిల్ వెయ్యాలి, ఎక్కడ బిగించాలి?

అన్నలూ, మా నాన్నగారి పాత పెట్రోల్ అంబాసిడర్, 1489 సీసీ ఇంజను, పాయింట్ల (కాయిల్ కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్చు) డిస్ట్రిబ్యూటర్. అరగంట నడిపితే చాలు, ఆగిపోతోంది. స్పార్క్ ప్లగ్గులకి హై వోల్టేజీ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. చల్లారాక మళ్లీ మామూలే. పాయింట్లు, కండెన్సర్ మార్చేశాను. కాయిల్ ప్రైమరీ (బ్యాటరీ కరెంటు వెళ్లే చుట్ట) కొలిస్తే 1.5 ఓమ్‌లు వచ్చింది, కాయిల్‌కి వెళ్లే కరెంటు తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ మాత్రం ఎక్కడా లేదు. అంటే నేరుగా 12 వోల్టులు పోతున్నట్టే కదా! ఎప్పుడో ఎవరో దొరికిన కాయిల్ తగిలించేసినట్టున్నారు.

3 ఓమ్‌ల కాయిల్ కొననా, లేక దీనికే రెసిస్టర్ కలపనా? పాయింట్లు తొందరగా కాలిపోకుండా ఉంటే అదే పదివేలు.

ఇంకొకటి, ఇప్పుడు కాయిల్ ఇంజను మీదే బిగించి ఉంది. వేడి తగలకుండా బానెట్ కింద పక్క గోడకి మారుద్దామంటే హై టెన్షన్ వైరు పొడవు పెంచాలి. నూనె నింపిన కాయిల్‌ని పడుకోబెట్టి బిగించినా పర్లేదా, నిలువుగానే ఉండాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి.