టెస్లా ఎవరివాడు? 50 సెంట్ల నాణెం గొడవ

మ్యూనిక్ మాధవి:
పోయిన వారం స్ప్లిట్‌లో కాఫీ తాగితే చిల్లరలో క్రొయేషియా 50 సెంట్ల నాణెం వచ్చింది. కరెంటు శాస్త్రవేత్త నికోలా టెస్లా బొమ్మ, ఆ బొమ్మ వెనకాలే క్రొయేషియా వాళ్ల గళ్ల గుర్తు. ఆఫీసులో బెల్‌గ్రేడ్ కొలీగ్‌కి సరదాగా చూపిస్తే మొహం మాడ్చుకున్నాడు. పర్సులోంచి సెర్బియా 100 దినార్ల నోటు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీదా టెస్లానే! "మావాణ్ణి ఎత్తుకుపోయారు" అన్నాడు. ఇంతకీ ఎవరివాడంటారు?

చరిత్ర పిచ్చోడు:
ఆ కోపం ఆయనొక్కడిదే కాదు మాధవి గారూ. క్రొయేషియా 2023 జనవరి 1న యూరోలోకి మారింది. నాణెం మీద టెస్లాను వేస్తారని తెలిసి 2021లోనే సెర్బియా కేంద్ర బ్యాంకు అభ్యంతరం చెప్పింది. నా ఓటు సెర్బియాకే. టెస్లా తండ్రి సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చి పూజారి. అక్కడ ఆర్థడాక్స్ అయితే సెర్బు, క్యాథలిక్ అయితే క్రొయేట్. మాట విని మనిషిని పోల్చలేం. పక్కన బోస్నియాలో సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బోస్నియన్, క్రొయేషియన్, సెర్బియన్ అని మూడు భాషల్లో రాస్తారు. "పుషెన్యె ఉబియా" (పొగతాగితే చస్తారు) అని లాటిన్ లిపిలో రెండుసార్లు, అక్షరం తేడా ఉండదు. మూడోసారి అదే ముక్క సిరిలిక్ లిపిలో.

వరంగల్ పిల్లోడు:
అన్నా, చర్చి రిజిస్టర్ చూసి మనిషిని పంచుకుంటారా? 1856లో పుట్టింది స్మిల్యాన్‌లో. ఆ ఊరు ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. వాళ్ల ఊరివాడి బొమ్మ వాళ్లు వేసుకుంటే తప్పేంటి? అయినా మనకిది కొత్తా? పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా అని తాతల కాలం నుంచీ కొట్టుకుంటూనే ఉన్నాం. (బమ్మెరే. అందులో డౌట్ లేదు.)

చరిత్ర పిచ్చోడు:
తమ్ముడూ, ఆ పోలిక సగమే కుదురుతుంది. పోతన కోసం ఎవరూ ఎవర్నీ చంపలేదు. 1941లో ఉస్తాషాలు, అంటే అప్పటి క్రొయేషియా ఫాసిస్టులు, ఆ స్మిల్యాన్‌లోనే సెర్బులను ఊచకోత కోశారు. పక్కనే గోస్పిచ్‌లో ఉన్న టెస్లా విగ్రహాన్ని 1992లో, క్రొయేట్లకీ సెర్బులకీ యుద్ధం జరిగే రోజుల్లో పేల్చేశారు. అప్పుడు పనికిరానివాడు 30 ఏళ్లు తిరిగేసరికి నాణెం మీదికి ఎలా ఎక్కాడు? సెర్బుల మంటంతా అక్కడ.

గోదారి గట్టు:
మీరిద్దరూ ఇప్పటి మ్యాప్ పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆయన పుట్టేనాటికి స్మిల్యాన్ ఆస్ట్రియా సామ్రాజ్యపు సరిహద్దు సైనిక మండలంలో ఉంది. సెర్బియా తుర్కుల కింద సామంత రాజ్యం. చదువు గ్రాజ్‌లో, ఉద్యోగాలు బుడాపెస్ట్‌లో, పారిస్‌లో. 1891లో అమెరికా పౌరుడయ్యాడు, 1943లో న్యూయార్క్‌లో పోయాడు. చితాభస్మం బెల్‌గ్రేడ్ మ్యూజియంలో ఉంది. "యూరోపియన్" అన్న మాట ఎవరికైనా అతికితే ఈయనకే అతకాలి.

కానీ ఆ మాటకి బొమ్మ గీయాల్సి వస్తే యూరప్ వాళ్లే తడబడ్డారు. 2002లో వచ్చిన యూరో నోట్ల మీద వంతెనలు చూడండి, ఒక్కటీ నిజమైనది కాదు. ఏదో ఒక దేశానిది వేస్తే మిగతావాళ్లు అలుగుతారని ఊహించి గీశారు. తర్వాత నెదర్లాండ్స్‌లో స్పైకెనిస్సె అనే ఊరివాళ్లు నోట్ల మీది ఆ ఏడు వంతెనల్నీ నిజంగానే కట్టేసుకున్నారు, అది వేరే తమాషా! నోట్ల విషయంలో అంత జాగ్రత్తపడి, నాణేనికి ఒక వైపు మాత్రం ఏ దేశం ఇష్టం ఆ దేశానికి వదిలేశారు. టెస్లా ఆ సందులోంచే వచ్చాడు.

వరంగల్ పిల్లోడు:
విగ్రహం సంగతి నాకు తెలీదన్నా, అది ఒప్పుకుంటా. కానీ 2006లో స్మిల్యాన్‌లో ఆయన స్మారక కేంద్రం తెరిచినప్పుడు రెండు దేశాల అధ్యక్షులూ వచ్చారు కదా. ఒకసారి తప్పు చేస్తే ఇక దిద్దుకోనే కూడదా?

చరిత్ర పిచ్చోడు:
దిద్దుకోనీ. "మా సెర్బు టెస్లా" అని నోరారా ఒక్కసారి అనమను, నేనే నాణెం కొని దాచుకుంటా.

మ్యూనిక్ మాధవి:
కొలీగ్‌కి ఇదంతా చదివి చెప్పాను. శ్రద్ధగా విని, పోతన ఏ రాష్ట్రం కవి అని అడిగాడు. నాది కడప. ఏం చెప్పానో వరంగల్ తమ్ముడికి మాత్రం చెప్పను.