అమలాపురంలో పాత బాక్‌స్టర్: వానాకాలం నాలుగైదు నెలలు షెడ్డులో ఉంచాలంటే ఏం చెయ్యాలి?

తోటబండి:
2008 పోర్షే బాక్‌స్టర్ (గుడ్డ టాపు తెరుచుకునే రెండు సీట్ల కారు), 2.7 ఇంజన్, మాన్యువల్ గేరు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నదండి, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. అమలాపురానికి ఆరు కిలోమీటర్ల అవతల కొబ్బరితోటలో రేకుల షెడ్డు, కింద సిమెంటు గచ్చు. జూన్ నెలాఖరు నుంచి నవంబరు దాకా బయటికి తీయడం కుదరదు. వీడియోల్లో అందరూ మంచు దేశాల శీతాకాలం గురించే చెబుతున్నారు. మనకి బండి తిప్పుకునే కాలమే అది! మన చెమ్మకీ ఉప్పుగాలికీ ఏం చెయ్యాలి? వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే సరిపోతుందా? పైన టార్పాలిన్ కప్పొచ్చా?

గౌతమి_ఫ్లాట్‌సిక్స్:
రెండూ వద్దండి. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. పది నిమిషాలు ఊరికే ఆన్‌లో ఉంచితే ఆయిల్లోనూ సైలెన్సర్‌లోనూ నీరై మిగిలిపోతుంది. తీస్తే రోడ్డు మీద అరగంట నడపండి, లేదంటే అసలు తాళం తిప్పొద్దు. టార్పాలిన్ వేస్తే గచ్చులోంచి లేచిన చెమ్మ దాని కిందే తిరుగుతూ గుడ్డ టాపుకి బూజు పట్టిస్తుంది. గాలాడే గుడ్డ కవరే వెయ్యండి. బండి కింద గచ్చు మీద మందపాటి పాలిథిన్ షీటు పరిచి, దాని మీద ప్లైవుడ్ వేసి నిలపండి.

ఈ బండిని పాడుచేసేది ముఖ్యంగా నీళ్లు పోయే దారులు పూడుకుపోవడం. చేనుకి తూము ఎలాగో టాపుకి ఈ రంధ్రాలు అలాగ. టాపుని సగం తెరిచి ఆపితే, కీళ్ల దగ్గర ఇరుపక్కలా నల్లటి గుంట కనిపిస్తుంది, రంధ్రం దాని అడుగున. అర లీటరు నీళ్లు నెమ్మదిగా పొయ్యండి. వెనక చక్రం ముందు నుంచి ధారగా కారాలి. నిలబడితే గడ్డికోత మిషన్ నైలాన్ దారం తిప్పుతూ దింపండి. కంప్రెసర్ గాలి కొట్టారంటే లోపల పైపు జాయింటు ఊడిపోతుంది, ఆపైన నీళ్లన్నీ కార్పెట్ కిందికే. అక్కడ సీటు కింద ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) పెట్టె ఉంది. అది తడిస్తే బండి స్టార్ట్ అవదు, రిపేరు ఖర్చు చాలా పెద్దది. ముందు బానెట్‌లో బ్యాటరీ చుట్టూ ఉన్న గుంటకి కూడా ఇలాంటి రంధ్రాలే ఉన్నాయి, కొబ్బరి పీచు అక్కడ పేరుకుంటుంది.

ముందు బంపరు ఒకసారి విప్పించండి. రెండు పక్కలా రేడియేటర్లు, వాటి ముందు ఏసీ కండెన్సర్లు ఉంటాయి. సందుల్లో ఎండుటాకులు చేరి తడిసి, ఉప్పు తోడైతే అల్యూమినియం అడుగు మూలల్లో తినేస్తుంది. ఏసీ గ్యాసు పోతే చాలామంది కంప్రెసర్ మీద అనుమానపడతారు గానీ ముందు ఈ మూలలే చూడాలి.

కడిగే నీళ్ల సంగతి మరిచిపోకండి. సముద్రం దగ్గరి ఊళ్లలో చాలా బోర్లు ఉప్పు నీళ్లే. చేపల లారీలు కార్చిన ఉప్పు నీళ్ల మీద నడిచి వచ్చిన బండిని ఆ బోరు నీళ్లతోనే కడిగితే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే. నీళ్లలో కరిగిన ఉప్పులు చూపే టీడీఎస్ మీటరు చవగ్గానే దొరుకుతుంది, కొలవండి. ఎక్కువొస్తే పంచాయతీ కుళాయి నీళ్లో వాన నీళ్లో వాడి, అడుగు భాగం కూడా కడిగి, రెండు రోజులు ఆరనిచ్చాకే షెడ్డులో పెట్టండి. టాపు మూసే ఉంచాలి. తడి టాపు మడిచారా, మడతల్లో బూజు ఖాయం.

వశిష్ట_రెంచి:
ఆయిల్ మార్చేది నిల్వకి ముందే, తీసిన తర్వాత కాదు. వాడిన ఆయిల్లో ఆమ్లాలూ నీళ్లూ ఉంటాయి, అవి బేరింగుల మీద నెలల తరబడి కూర్చోకూడదు. పోర్షే ఏ40 ఆమోదం ఉన్న 0డబ్ల్యూ-40, మొత్తం ఏడున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది. ముందు 7 పోసి, ఇంజన్ వేడెక్కించి, సమతలంలో డాష్‌బోర్డు గేజి చూసి కొద్దికొద్దిగా కలపండి. ఈ బండికి డిప్‌స్టిక్ లేదు. ఎక్కువైతే నీలం పొగ. ఇంజన్ అడుగున ఆయిల్ దింపే సంపు బోల్టుకి కొత్త వాషరు, బిగింపు 50 న్యూటన్ మీటర్లు. ఫిల్టర్ గిన్నె 25.

పాత ఫిల్టర్ పారేయకండి. మడతలు విప్పి ఎండలో పెట్టి, అయస్కాంతం తిప్పండి. ఇనప రజను అంటుకుంటే ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్టుది) అరుగుతోందేమో చూపించాలి. 2008 ఇంజన్లో అది పెద్ద సైజుది, ఇంజన్ రెండుగా విడదీస్తే తప్ప బయటికి రాదు. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలైతే ఇంజన్ లోపలి చైన్‌ని పట్టి ఉంచే గైడ్‌లవి.

పెట్రోలు: టాంకు 64 లీటర్లు, గన్ ఆగేదాకా నింపండి, ఖాళీ గాలి తక్కువుంటే చెమ్మ తక్కువ. ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు), ఈ బండి ఈ10 దాకానే. ఇథనాల్ నీటిని పీల్చి, మరీ ఎక్కువైతే విడిపోయి అడుగుకి దిగుతుంది. పెట్రోలు పాడవకుండా కలిపే స్టెబిలైజర్‌ని సీసా మీద రాసిన కొలత ప్రకారం పోసి, ఇంజెక్టర్ల దాకా చేరేలా పావుగంట నడపండి. టైర్లలో మామూలుకంటే 6–8 పీఎస్‌ఐ ఎక్కువ పెట్టండి, సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠం దాటకూడదు. హ్యాండ్‌బ్రేకు వెయ్యొద్దు, వెనక డ్రమ్ముకి షూలు అతుక్కుంటాయి. ఫస్టు గేరులో ఉంచి చక్రాలకి చెక్కలు పెట్టండి.

లంకగట్టు:
ఎలకలకి నా మాట. పొలాల్లో నీళ్లు నిండగానే గట్లు ఎక్కి షెడ్లలో చేరతాయి. ఈ బండి ఇంజన్ పైనుంచి సులువుగా కనబడదు, వైరింగు తిన్నా తెలీదు. సైలెన్సర్ గొట్టాలకీ బండి పక్కన గాలి పీల్చే రంధ్రాలకీ స్టీలు జాలీ కట్టి, ఆ జాలీ ఉందని స్టీరింగ్ మీద చీటీ అంటించండి. మందు పెట్టొద్దు, లోపలే చస్తే వాసన వదలదు. బోనే పెట్టండి.

తోటబండి:
చాలా థాంక్స్ అన్నలూ. బ్యాటరీ పూర్తిగా పడిపోతే బానెట్ తెరుచుకోదంటగా? వరద వస్తే ఏం చెయ్యాలి?

వశిష్ట_రెంచి:
నిజమే, లాక్ కరెంటు మీదే తెరుచుకుంటుంది. కాళ్ల దగ్గర పక్కగోడలోని ఫ్యూజు బాక్సులో ఎర్ర పిన్ను ఒకటి బయటికి లాగొచ్చు. చిన్న 12 వోల్టుల బ్యాటరీ ప్లస్ దానికి, మైనస్ తలుపు లాకు స్ట్రైకర్‌కి పట్టిస్తే లాక్ పనిచేస్తుంది. ఇంజన్ మాత్రం అక్కడి నుంచి స్టార్ట్ చేయొద్దు. అసలు బ్యాటరీ దిగిపోకుండా నిలబెట్టే మెయింటెయినర్ ఛార్జర్ పెట్టి ఉంచండి. ఛార్జర్ తీసి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు ఉండాలి, 12.4 కంటే దిగిందంటే ఛార్జి తక్కువే.

గౌతమి_ఫ్లాట్‌సిక్స్:
భద్రాచలంలో గోదావరికి 43 అడుగుల మొదటి హెచ్చరిక రాగానే టైర్లలో గాలి మామూలుకి దించి, జాలీలు తీసి సిద్ధంగా ఉంచండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది. రెండోదాకా ఆగకుండా రావులపాలెం మీదుగా మెరక ప్రాంతానికి తీసుకుపోండి, కాజ్‌వేలు ముందే మునుగుతాయి. ఒకవేళ నీళ్లు తలుపు అడుగుదాకా వస్తే తాళం పెట్టొద్దు. ఇంజన్ గాలి పీల్చే రంధ్రం పక్కనే ఉంది, నీళ్లు సిలిండర్లోకి వెళ్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. బ్యాటరీ వైరు విప్పి, నీళ్లు దిగాక ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి పంపండి.