మాల్దీవుల మీది పొగ: నేరం కట్టెల పొయ్యిదేనా?

గాలిమర:
చలికాలంలో దక్షిణాసియా పొగ హిందూ మహాసముద్రం మీదికి పాకి మాల్దీవులను కమ్మేస్తుంది. 1999లో ఇండోయెక్స్ అనే అంతర్జాతీయ అధ్యయన పరిశోధకులు విమానాలు, ఓడలు వేసుకుని దాన్ని కొలిచారు. అందులోని కర్బన రేణువుల్లో మూడింట రెండు వంతులు కట్టె, పేడ, పంట వ్యర్థాల వంటివి కాల్చడం వల్ల వచ్చినవేనని 2009లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన తేల్చింది. అయితే ముందు ఆర్పాల్సింది పొయ్యిలనే కదా?

నల్లరేగడి:
అంత తొందరెందుకండీ? అది కార్బన్-14తో, అంటే కాలం గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం కర్బనంతో తీసిన లెక్క. కోట్ల ఏళ్లు నేలలో మగ్గిన బొగ్గులో, డీజిల్‌లో అది మిగలదు; మొన్న కొట్టిన తుమ్మ కొమ్మలో ఉంటుంది. ఆ కొమ్మ పొయ్యిలో కాలిందా, వరి కొయ్యకాలు పొలంలో కాలిందా అన్నది ఆ పరీక్షకు తెలియదు. మసిని ఒక పద్ధతిలో వేరు చేస్తే అందులో కట్టె, పేడ వంటివాటి వాటా మొత్తంలో దాదాపు సగమే వచ్చింది కూడా. ఇక పొగలో పెద్ద భాగమైన సల్ఫేట్‌లో, అంటే ఇంధనంలోని గంధకం కాలి పుట్టే రేణువుల్లో, కర్బనమే లేదు. అది ఎక్కువగా థర్మల్ కేంద్రాల బొగ్గు నుంచి, ఓడల నూనె నుంచి వచ్చేది. దాన్ని పక్కన పెట్టి అమ్మమ్మల పొయ్యి మీద తీర్పా?

తీరవాసి:
ఇద్దరూ గాలిని మరిచారు. జనవరి నుంచి మార్చి దాకా ఈశాన్య గాలి నేల మీది నుంచి కడలి వైపు వీస్తుంది. పైన వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది కనుక పొగ పైకి లేచి పలచబడదు. కడిగేందుకు వానా ఉండదు. అలా రోజుల తరబడి తేలుతూ వేల కిలోమీటర్లు పోయి, భూమధ్యరేఖ దగ్గర గాలులు కలిసి పైకెగసే చోట వానతో రాలుతుంది. జూన్‌లో గాలి తిరగబడగానే మాల్దీవుల గాలి తేటపడుతుంది. మన పొయ్యిలు, చిమ్నీలు అప్పుడూ మండుతూనే ఉంటాయి మరి!

గాలిమర:
గాలిని మార్చలేం, పొయ్యిని మార్చగలం. మసి ఎండను పీల్చుకుని గాలిని వేడెక్కిస్తుంది. సల్ఫేట్ ఎండను వెనక్కి తిప్పి చల్లబరుస్తుంది. దాన్నే ముందు తీసేస్తే వేడి ఇంకా పెరుగుతుంది. వంటింట్లో ఆ పొగ పీల్చే ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

నల్లరేగడి:
ఆడవాళ్ల మాటకు ఎదురు లేదు. కానీ ఉమ్మడి రాష్ట్రంలో పేద ఆడవాళ్లకు వంటగ్యాస్ ఇచ్చే దీపం పథకం వచ్చింది కూడా 1999లోనే. సిలిండర్ అయిపోయాక మళ్లీ తెచ్చుకునే స్తోమత లేని ఇంటికి కట్టెలే దిక్కు. థర్మల్ కేంద్రాలకేమో గంధకం తగ్గించాలని 2015లో నిబంధన పెట్టారు, గడువు పొడిగిస్తూ పోయారు, 2025 జూలైలో చాలావాటికి ఏకంగా మినహాయింపే ఇచ్చారు. ‘సల్ఫేట్ చల్లబరుస్తుంది’ అన్న మీ వాదన రేపు వాళ్లకే అక్కరకొస్తుంది గాలిమర గారూ.