ముంబయి మిల్లు ప్రాంతపు చాల్‌లను వారసత్వ కట్టడాలుగా చూడవచ్చా?

ప్రశ్న (వాస్తుశాస్త్ర విద్యార్థిని)

ముంబయిలోని పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాల్లో మిల్లు కార్మికుల కోసం వెలసిన చాల్‌ల (వరుసగా ఒంటి గదులు, ఉమ్మడి మరుగుదొడ్లు ఉండే అద్దె భవనాల) మీద ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. ఓవల్ మైదానం, మెరైన్ డ్రైవ్ పరిసరాల్లోని విక్టోరియన్ గోథిక్, ఆర్ట్ డెకో భవనాలను యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో నివాస అపార్ట్‌మెంట్లు కూడా ఉన్నాయి. అదే నగరంలో శ్రామిక జనానికి నీడనిచ్చిన చాల్‌లు మాత్రం ఒక్కొక్కటిగా కూల్చివేతకు గురవుతున్నాయి. ఈ చాల్‌లన్నీ ఒకే రకానికి చెందినవేనా? మరమ్మతు చేసి నిలబెట్టడం సాంకేతికంగా సాధ్యమేనా? ఒకవేళ సాధ్యమైతే, అసలు కాపాడవలసినది గోడలనా, గదుల అమరికనా, లేక ఇంకేదైనానా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (నగర చరిత్ర పాఠకుడు)

అన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదండి. కావస్‌జీ నానాభాయ్ దావర్ 1854లో తొలి నూలు మిల్లు కంపెనీని స్థాపించిన తరువాత కొంకణ్ నుంచి, దక్కన్ నుంచి కూలీలు వరుస కట్టారు. మన తెలుగు నేత కార్మికులు కూడా వారిలో ఉన్నారు. వారి కోసం ప్రైవేటు యజమానులు టేకు చట్రం మీద, ఇటుక గోడలతో, ముందువైపు పొడవాటి గ్యాలరీ, దాని వెంబడి ఒంటి గదులు ఉండేలా కట్టినవి మొదటి రకం. 1896లో ప్లేగు వచ్చి నగరాన్ని కుదిపేశాక, 1898లో ఏర్పడిన బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టించినవి రెండో రకం. దాదర్‌లోని తన సొంత ఇల్లు రాజగృహకు మారక ముందు అంబేడ్కర్ చాలా ఏళ్లు నివసించినది పరేల్‌లోని ఇలాంటి ట్రస్టు చాల్‌లోనే.

మూడో రకం 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో ఏర్పడిన బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బీడీడీ) కట్టినవి. వీటినే బీడీడీ చాల్‌లు అంటారు. నగరంలోకి వచ్చే ప్రతి పత్తి బేలు మీద రూపాయి సుంకం వేసి, 50 వేల గదులు కడతామని ప్రకటించి, చివరికి 16 వేల పైచిలుకు గదుల దగ్గర ఆపేశారు. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, సేవ్రీలో 12, మొత్తం 207 భవనాలు. ఒక్కో భవనంలో నాలుగు అంతస్తులు, అంతస్తుకు 20 గదులు, గది 160 చదరపు అడుగులు. మీరు వ్యాసంలో తప్పక గమనించవలసిన తేడా ఒకటుంది. ప్రైవేటు చాల్‌లో గ్యాలరీ బయటికి తెరుచుకుని ఉంటుంది కనుక గాలి, వెలుతురు, ఇరుగుపొరుగు పలకరింపు అన్నీ అక్కడే. బీడీడీ చాల్‌లో నడవా భవనం మధ్య నుంచి సాగుతుంది, గదులు ఇరువైపులా ఎదురెదురుగా ఉంటాయి, పట్టపగలు కూడా దీపం వేసుకోవలసి వస్తుంది.

జవాబు 2 (స్ట్రక్చరల్ ఇంజినీరు)

సాంకేతిక ప్రశ్నకు పరిమితమై చెబుతాను. టేకు చట్రం ఉన్న భవనం బయటికి ఎంత వంగిపోయినట్టు కనిపించినా, చాలావరకు బాగుచేయదగినదే. లోపం సాధారణంగా దూలం మధ్యలో ఉండదు. గోడలో దిగిన కొసలో, మరీ ముఖ్యంగా స్నానాల మోరీ (గది మూలలో నీళ్లు వాడుకునే చోటు) నీరు ఇంకే చోట, కొయ్య మెత్తబడి చివికిపోతుంది. ఆ కొస వరకు కోసివేసి, ఉక్కు పలకలతో కొత్త ముక్కను అతికించవచ్చు. అలా చేయకుండా, కిందినుంచి ఆధారంగా కర్రలు పెట్టి ఏళ్ల తరబడి వదిలేసిన భవనాలే వానాకాలంలో కూలుతున్నాయి.

బీడీడీ చాల్‌ల పరిస్థితి వేరు. అవి రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు కట్టడాలు. నూరేళ్ల సముద్రపు గాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటు పెచ్చులూడుతుంది, ఊడిన చోట తేమ మరింత చేరుతుంది. ఒకటి రెండు భవనాలను నమూనాగా నిలపవచ్చునేమో కాని, వందల సంఖ్యలో అలా చేయడానికి అయ్యే ఖర్చును ఏ ప్రభుత్వమూ భరించదని నా అభిప్రాయం.

జవాబు 3 (చాల్‌లో పెరిగిన పాఠకురాలు)

ఇంజినీరు గారి మాట నిజమే కాని, మరమ్మతులు ఎందుకు జరగలేదో కూడా చెప్పుకోవాలి. 1947 నాటి బాంబే రెంట్ చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయిలో కట్టిపడేసింది. వచ్చే అద్దె సున్నం వేయించడానికైనా చాలనప్పుడు యజమాని భవనాన్ని పట్టించుకోవడం మానేశాడు. అద్దెదారు మాత్రం పగిడీ (అద్దె హక్కు కోసం ముందుగా ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం) చెల్లించి వచ్చినవాడు కనుక ఆ గదిని సొంత ఆస్తిగానే భావించాడు. 1969లో మరమ్మతుల బోర్డు చట్టం తెచ్చి, పాత భవనాల మీద సెస్సు (ప్రత్యేక పన్ను) వేసి ఆ పని బోర్డుకు అప్పగించారు. 1999 చట్టం అద్దెను ఏటా 4 శాతం పెంచుకోనిచ్చింది, కాని మూలమే అత్యల్పం కావడంతో ఆ పెంపు ఎవరికీ ఉపయోగపడలేదు. 1982 నాటి మిల్లు కార్మికుల సమ్మె తరువాత మిల్లులు మూతపడి, ఆ భూముల ధర ఆకాశాన్నంటాక, యజమానికీ బిల్డరుకూ కూల్చివేతే లాభసాటి అయింది.

ఇక గ్యాలరీ జీవితాన్ని గురించి బయటివారు రాసేవి చదివితే నాకు కొంత విసుగు కలుగుతుంది. గణపతి ఉత్సవాలు, పెళ్లిళ్లు, నాటకాలు అక్కడే జరిగాయి, కాదనను. అదే గ్యాలరీ చివర ఉన్న ఉమ్మడి మరుగుదొడ్ల దగ్గర తెల్లవారకముందే బకెట్టు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు ఇస్తామంటే వర్లీ బీడీడీ చాల్‌ల కుటుంబాలు పునర్నిర్మాణానికి ఒప్పుకోవడంలో వింతేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. అలాగైతే, కూల్చక తప్పని చోట నేను నమోదు చేయవలసినవి ఏమిటి?

జవాబు 1 (నగర చరిత్ర పాఠకుడు)

ముఖభాగం ఫొటోలు ఇప్పటికే చాలామంది తీశారు, వాటి మీద సమయం పెట్టకండి. ఒక అంతస్తు మొత్తాన్ని కొలతలతో గీయండి: ఏ గదిలో మోరీ ఎక్కడుంది, అటక ఎంత ఎత్తున వేశారు, గ్యాలరీలో ఎవరు ఎంతమేర తమ సామాను పెట్టుకున్నారు అనేవి అందులో రావాలి. పాత అద్దె రసీదులు చాలా ఇళ్లలో ఇంకా భద్రంగా ఉంటాయి. పేర్లు తీసివేసి, సంవత్సరం, అద్దె మొత్తం మాత్రం రాసుకుంటే గది అద్దె ఎప్పుడు ఎంత మారిందో తెలుస్తుంది. నా దృష్టిలో చాల్‌ను చాల్‌గా నిలిపినది ఆ అద్దె హక్కే. దాన్ని వదిలి గ్యాలరీని మాత్రం నిలిపి, లోపల కాఫీ హోటలు పెట్టుకునే పద్ధతిని నేను పరిరక్షణ అనలేను. ఇంటివారి అనుమతి తీసుకున్నాకే కొలతలు మొదలుపెట్టండి. పునర్నిర్మాణం మాట నడుస్తున్న భవనాల్లో టేపు పట్టుకుని వచ్చినవారిని బిల్డరు మనిషిగా అనుమానిస్తారు.