యుద్ధం రోజుల్లో స్వీడన్ పంపేసిన పిల్లాడి సినిమా: పదేళ్ల బాబుతో చూడొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. ఫిన్లాండ్‌లో ఓ తల్లి యుద్ధానికి భయపడి కొడుకుని స్వీడన్ పంపేస్తుంది, అక్కడ ఇంకొకావిడ పెంచుతుంది. టీవీలో కొంచెమే చూశాను. పేరేంటి? మా బాబుకి పదేళ్లు, వాడితో చూడొచ్చా?

జవాబు: 'మదర్ ఆఫ్ మైన్' అండీ. 2005లో వచ్చింది, దర్శకుడు క్లౌస్ హారో. పెద్దయ్యాక వచ్చే సీన్లు నలుపు తెలుపులో, చిన్నప్పటివి రంగుల్లో ఉంటే అదే.

ప్రశ్న: అవును, అదే! తల్లి కూడా వెళ్లిపోవచ్చు కదా, పిల్లాణ్ణి ఒక్కణ్ణే ఎందుకు పంపింది?

జవాబు: మీ బాబూ ముందు ఇదే అడుగుతాడు, కాబట్టి చెప్పి కూర్చోబెట్టండి. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లాండ్ మీద పడ్డాయి, ఊళ్ల మీద బాంబులు వేశాయి. 1941 నుంచి 44 దాకా మళ్లీ యుద్ధం. మగవాళ్లు సరిహద్దులో, ఆడవాళ్లు పనుల్లో. స్వీడన్ యుద్ధంలో లేదు. అందుకే 70 వేలకు పైగా పిల్లల్ని రైళ్లలో, ఓడల్లో అక్కడికి పంపారు. మెడలో పేరు రాసిన అట్టముక్క, అంతే. తిరిగొచ్చేసరికి చాలామంది ఫిన్నిష్ మర్చిపోయారు, కన్నతల్లితో మాట్లాడటానికి మాటల్లేవు. కొన్ని వేలమంది అక్కడే ఉండిపోయారు.

మరొకరి జవాబు: రక్తపాతం గురించి బెంగపడకండి. పిల్లల్ని కుదిపేసేది వేరే. సినిమాలో పిల్లాడు తొమ్మిదేళ్ల ఏరో. వాణ్ణి స్వీడన్‌లో పెంచే సిగ్నె మొదట్లో దగ్గరికి రానివ్వదు, ఆవిడకి కూతురు పోయిన దుఃఖం. ఆవిడ మనసు కరిగేసరికి ఏరో కన్నతల్లి దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. అందులో ఏముందో ఇక్కడ రాయను. "అమ్మకి నేనక్కర్లేదా?" అనే ప్రశ్న మాత్రం సినిమా అంతా వాణ్ణి వదలదు. అమ్మానాన్నలకి దూరంగా హాస్టల్లోనో అమ్మమ్మ దగ్గరో ఉంటున్న పిల్లలకైతే నేను ఇప్పుడే చూపించను. మీరు ముందు ఒక్కరే చూసేయండి.

ప్రశ్న: మా వాడు మా దగ్గరే ఉంటాడండీ. సబ్‌టైటిల్స్ అందుకోలేడేమో.

జవాబు: ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో పెట్టి మీరే తెలుగులో చెబుతుండండి. స్వీడిష్ వాళ్లు మాట్లాడేది మొదట్లో ఏరోకి అర్థం కాదు. ఆ మాటలు చెప్పినప్పుడు "ఇది వాడికి తెలీదు నాన్నా" అనండి, వాడి బిక్కమొహం ఎందుకో మీ బాబుకి తెలుస్తుంది. కన్నతల్లిని చెడ్డదని మాత్రం అననివ్వకండి. భర్త యుద్ధంలో పోయిన మనిషి ఆవిడ.