పేరెంట్ ప్లస్ లోను నా పేరున ఉంది, 2026 జులైలో వచ్చే రాప్ ప్లాన్‌లో చేరొచ్చా?

తెనాలి మాస్టారు (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. తెనాలిలో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పి, మా అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు మీద 2016లో కుటుంబంతో ఇక్కడికొచ్చాను. ఇప్పుడు ఇండియన్ గ్రాసరీ స్టోర్లో స్టాకూ బిల్లింగూ రెండూ నావే. మా ఆవిడ డేకేర్‌లో చేస్తుంది. టాక్స్ రిటర్న్‌లో ఇద్దరికీ కలిపి ఏజీఐ, అంటే కొన్ని మినహాయింపులు పోగా లెక్కకొచ్చే ఏడాది ఆదాయం, 46,000 డాలర్లు.

అమ్మాయి డిగ్రీకి తన పేరు మీద 27,000 ఫెడరల్ లోను. అది చాలక, పిల్లల చదువుకి తల్లిదండ్రులకిచ్చే ఫెడరల్ లోను పేరెంట్ ప్లస్ నా పేరు మీద 42,000. అప్పుడు నా క్రెడిట్ చూశారే గానీ నెలకి నీకొచ్చేదెంత అని ఒక్కరూ అడగలేదు. తెనాలిలో స్కూటర్ లోనుకి జీతం స్లిప్పుతో పాటు ఇద్దరి జామీను కావాలన్నారు! ఆఖరి ఏడాది తీసుకున్న దానికి వడ్డీ 9.08 శాతం. వాయిదా నెలకి 520.

2025 జులై 4న సంతకమైన చట్టంలో రాప్ అనే ప్లాన్ ఉందని, 2026 జులై నుంచి ఆదాయాన్ని బట్టి కట్టుకోవచ్చని స్టోర్‌కొచ్చే ఒకతను చెప్పాడు. లోను వాయిదాలు వసూలు చేసే కంపెనీకి, అదే సర్వీసర్‌కి, ఫోన్ చేశాను. గంటా పది నిమిషాలు అదే సంగీతం వినిపించి, చివరికి వెబ్‌సైట్ చూసుకోమన్నారు. నాకు 61. పదేళ్లపాటు 520 కట్టడం నా వల్ల కాదు. జులై దాకా ఆగి రాప్‌లో చేరదామనుకుంటున్నాను, సరేనా? అమ్మాయి ప్రభుత్వ స్కూల్లో అసిస్టెంటు, ఏడాదికి 39,800. తను కూడా అందులో చేరాలా? అబ్బాయి వచ్చే సెప్టెంబరులో కాలేజీకి వెళ్తాడు, అదో టెన్షన్.

డాలస్ పద్దు

మాస్టారూ, జులై దాకా ఆగితే కొంప మునుగుతుంది. రాప్ పేరెంట్ ప్లస్‌కి వర్తించదు. మీకున్న దారి ఒక్కటే. 2026 జులై 1 లోపు ఆ లోన్లని కన్సాలిడేట్ చేయించుకోవాలి, అంటే ఒకే కొత్త లోనుగా కలిపించుకోవాలి. లోపు అంటే అప్లికేషన్ పెట్టడం కాదు, పని పూర్తవ్వాలి. వారాలు పడుతుంది కాబట్టి మార్చి దాటనివ్వకండి. తర్వాత ఐసీఆర్‌లో చేరి, ఒక వాయిదా కట్టి, ఐబీఆర్‌కి మారాలి. రెండూ ఆదాయాన్ని బట్టి కట్టే పాత ప్లాన్లే.

మీరు లెక్కల మాస్టారు గనక అంకెల్లోనే చెప్తాను. అమ్మాయి కాక ముగ్గురున్న మీ ఇంటికి 2025 పేదరిక రేఖ 26,650. ఐసీఆర్‌లో మీ 46,000 లోంచి అది తీసేసి, మిగిలిన 19,350 మీద 20 శాతం. నెలకి 322. ఐబీఆర్‌లో రేఖకి ఒకటిన్నర రెట్లు తీసేస్తారు, అంటే 39,975. మిగిలేది 6,025. దాని మీద 15 శాతం వేసుకున్నా నెలకి 75.

కానీ మీ లోను మీద వడ్డీయే నెలకి 300 దాకా అవుతుంది. 75 కడితే బాకీ తగ్గకపోగా పెరుగుతూ ఉంటుంది. స్టేట్‌మెంట్ చూసి గుండె పట్టుకోకండి. ఐబీఆర్ ప్లాన్ గడువు పూర్తయ్యాక మిగిలిన బాకీ మాఫీ. ఈలోపు మనిషి పోతే ఫెడరల్ లోను రద్దవుతుంది, పిల్లల నెత్తిన పడదు. ఈ మాట అనకూడదు గానీ 61 ఏళ్లకి ఇది కూడా చూసుకోవాలి.

ఇంకోటి, అసలు ప్రమాదం ఇదే. అబ్బాయి కోసం జులై 1 తర్వాత మీ పేరు మీద మళ్లీ పేరెంట్ ప్లస్ తీశారో, పాత లోనుకి కూడా ఐబీఆర్ పోతుంది. తప్పదనుకుంటే మీ ఆవిడ పేరు మీద తీయండి. ఆ కొత్త లోనుకి మాత్రం ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్ ఏదీ ఉండదు. పైగా ఇకమీదట ఒక్కో బిడ్డ చదువుకి ఏడాదికి 20,000, మొత్తం 65,000 దాటి ఇవ్వరు.

ఫిలడెల్ఫియా కోడలు

బాబాయ్ గారూ, అమ్మాయి సంగతి నేను చెప్తా. తనకి రాప్ వస్తుంది. 30,000 దాటి 40,000 దాకా ఏజీఐ ఉంటే మొత్తం మీద 3 శాతం, నెలకి 99.50. తన లోను మీద వడ్డీ నెలకి 120 దాకా ఉంటుంది. కట్టగా మిగిలిన వడ్డీ మాఫీ చేసి, అసలులో 50 డాలర్ల దాకా గవర్నమెంటే వేస్తుంది. ఐబీఆర్‌లో ఈ సౌకర్యం లేదు, కట్టాల్సింది కూడా 136 అవుతుంది. ప్రభుత్వ స్కూలు కాబట్టి, అలాంటి ఉద్యోగంలో పదేళ్లు కడితే మిగిలిన లోను మాఫీ చేసే పీఎస్‌ఎల్‌ఎఫ్ కాగితం ఇప్పటినుంచే ఏటా పెట్టించండి. అది లేకపోతే రాప్‌లో మాఫీకి 30 ఏళ్లు ఆగాలి.

ఒక మెలిక ఉంది. జీతం 40,500 అయిందనుకోండి, శ్లాబు 4 శాతానికి మారుతుంది. అది పైనున్న 500 మీద కాదు, మొత్తం మీద. 700 ఇంక్రిమెంటు వస్తే అందులో 426 లోనుకే. ఆ ఏడాది రిటైర్మెంట్ ఖాతాలో 600 వేసుకోమనండి, ఏజీఐ మళ్లీ 40,000 లోపుకి దిగుతుంది.

ఎఫ్1 తమ్ముడు

అన్నా, నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను, నాది ఇండియా బ్యాంకు లోను. పొలం కాగితాలు అక్కడే ఉన్నాయి. రాప్ మాకు పనికొస్తుందా?

డాలస్ పద్దు

రాదు తమ్ముడూ. ఇది సిటిజన్లు, గ్రీన్‌కార్డు వాళ్లు తీసుకునే ఫెడరల్ లోన్లకే. నీ బ్యాంకుకి నీ జీతంతో పనిలేదు, మారటోరియం అయ్యాక ఈఎంఐ కట్టాల్సిందే.

తెనాలి మాస్టారు

పద్దు గారూ, మీ లెక్క రెండుసార్లు వేశాను, తేడా రాలేదు. రాత్రి స్టోర్ మూశాక మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని కన్సాలిడేషన్ ఫారం నింపాను. రెండు ప్లస్ లోన్లు కనబడ్డాయి, రెండిటికీ టిక్కు పెట్టాను. ప్లాన్ అడిగిన చోట ఐసీఆర్. అబ్బాయికి మొదటి రెండేళ్లు ఇక్కడే మిడిల్‌సెక్స్ కాలేజీ అని చెప్పాం. పొద్దున్నుంచి మాతో మాట్లాడటం లేదు, ఇడ్లీలు మాత్రం ఆరు తిన్నాడు.