కాంట్రాక్ట్‌లో చేరి 3 వారాలే, ఇంకో ఆఫర్ వచ్చేలా ఉంది, ఏం చేయాల?

అన్నా, కృష్ణపట్నం పోర్టు దగ్గర 11 నెలల కాంట్రాక్ట్ మీద స్టోర్స్‌లో చేరినా. ఇప్పుడేమో శ్రీసిటీలో అంతకుముందు ఇంటర్వ్యూ ఇచ్చిన కంపెనీ వాళ్లు ఫోన్ చేసి పర్మనెంటు, జీతం 7 వేలు ఎక్కువ, ఫైనల్ రౌండ్‌కి రా అంటన్నారు. ఇక్కడ సూపర్‌వైజర్ సార్ నన్ను నమ్మి తీసుకున్నాడు, మొన్ననే సేఫ్టీ షూ కూడా ఆయనే దగ్గరుండి సైజు చూసి ఇప్పించినాడు, ఆయన మొహం చూస్తే చెప్పబుద్ధి కావట్లా.

రిప్లై 1: ఇంటర్వ్యూకి పో తమ్ముడూ, కానీ ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఇక్కడ మానేయబాకు. నేను ఫోన్ మాట నమ్మి ఒంగోల్లో ఉద్యోగం వదిలేసి 4 నెలలు ఇంట్లో కూర్చున్నా.

రిప్లై 2: కాంట్రాక్ట్ పేపర్లో నోటీస్ ఎన్ని రోజులో చూసుకో. పీఎఫ్‌కి భయం లేదు, అదే యూఏఎన్ నంబర్ అక్కడ ఇస్తే సరిపోద్ది. 7 వేల్లో తడలోనో సూళ్లూరుపేటలోనో రూము అద్దె, మెస్సు తీసేసి లెక్కేయి, నెల్లూరు నుంచి రోజూ తిరగలేవు.

రిప్లై 3: లెటర్ రాగానే సార్‌కి నువ్వే ఎదురుగా చెప్పు బాబూ, వాట్సాప్‌లో పెట్టబాకు. స్టాక్ రిజిస్టర్ రాసి అప్పజెప్పి రా.

సరే అన్నా, గురువారం వీక్లీ ఆఫ్, ఆరోజే పోయొస్తా.